బంతి ఆడకూడని చోట

బ్రూక్లిన్‌లో బెడ్‌ఫర్డ్ ఎవెన్యూ, సలివన్ ప్లేస్ కలిసే మూల దగ్గర ఇరవై పైచిలుకు అంతస్తుల అపార్ట్‌మెంట్లు ఉన్నాయి. పేరు ఎబెట్స్ ఫీల్డ్ అపార్ట్‌మెంట్స్. ఒకప్పుడు ఎబెట్స్ ఫీల్డ్ స్టేడియం ఉన్న స్థలం ఇదేనని చెప్పే రాయి ఒకటి గోడలో పొదిగి ఉంటుంది, 1962 అన్న అంకెతో సహా. బేస్‌బాల్ అభిమానులు ఆ రాయి పక్కన నిలబడి ఫొటో తీయించుకుని వెళ్ళిపోతారు. అక్కడే ఇంకో బోర్డు కూడా బాగా పేరు మోసింది. ఇక్కడ బంతి ఆటలు ఆడరాదు అని దాని సారాంశం. ఎబెట్స్ ఫీల్డ్ మీద రాసేవాళ్ళెవరూ ఈ బోర్డును వదిలిపెట్టరు. చేతికందే వ్యంగ్యం మరి, ఎవరు వదులుకుంటారు! నేనూ దాంతోనే మొదలుపెట్టాను, చూశారుగా.

కానీ ఆ బోర్డు ఎవరి కోసం పెట్టారు? ఫొటోలు దిగడానికి వచ్చేవాళ్ళ కోసమైతే కాదు. ఆ భవనాల్లో పుట్టి పెరిగే పిల్లల కోసం. ఎబెట్స్ ఫీల్డ్ గురించి వచ్చిన పుస్తకాలు వరసపెట్టి చదువుతున్నప్పుడు నన్ను ఇబ్బంది పెట్టిన విషయం ఇదే. ఇంత ప్రేమగా, ఇంత వివరంగా రాసినవాళ్ళలో ఒక్కరూ ఆ పిల్లల్ని పలకరించలేదు.

ముందు కొంచెం చరిత్ర. క్రికెట్ తప్ప ఇంకో ఆట ఉందని తెలియకుండా పెరిగిన నాలాంటి వాళ్ళకి ఇది అవసరం.

చార్లెస్ ఎబెట్స్ బ్రూక్లిన్ డాజర్స్ జట్టు యజమాని. జట్టు ఆడే పాత చెక్క మైదానం చాలడం లేదని కొత్త స్థలం చూసుకున్నాడు. ఫ్లాట్‌బుష్ పక్కన పిగ్‌టౌన్ అనే పేదల పేట, మధ్యలో చెత్త పారబోసే గొయ్యి, చుట్టూ గుడిసెలు. స్టేడియం కోసమని తెలిస్తే ధర పెంచేస్తారని ఒక బినామీ కంపెనీ పెట్టి, 1908 నుంచి మూడు నాలుగేళ్ళపాటు ముక్కముక్కగా ఆ నేలంతా కొన్నాడు. కట్టడానికి డబ్బు చాలక మెక్‌కీవర్ అనే కాంట్రాక్టర్ సోదరులకు జట్టులో సగం వాటా రాసిచ్చాడు. 1913 ఏప్రిల్ 9న అసలు సీజన్ మొదలైంది. ప్రవేశం దగ్గర గుండ్రటి పాలరాతి హాలు, నేల మీద బంతి కుట్టులా పరిచిన పలకలు, పైన బేస్‌బాల్ బ్యాట్లతో చేసిన షాండ్లియర్. ఇంత ఆలోచించి కట్టినాయన విలేఖరులు కూర్చునే చోటు మాత్రం మర్చిపోయాడు. ప్లానులోనే లేదు! నేను చేసే ఉద్యోగంలో ఇలాంటివి బాగా అలవాటే: అన్నీ అద్భుతంగా కట్టేసి, రిలీజు రోజున చూసుకుంటే లాగిన్ పేజీ ఉండదు. ఆ పాలరాతి హాలు కూడా చూడ్డానికి బాగుండేదే గానీ, జనమంతా ఒకేసారి దాంట్లోంచి లోపలికి వెళ్ళాలంటే తొక్కిసలాటే.

అయినా అందరికీ గుర్తున్నది ఆ హాలు కాదు, కుడివైపు గోడ. అవతల బెడ్‌ఫర్డ్ ఎవెన్యూ ఉంది కాబట్టి మైదానాన్ని ఆ పక్కకి పెంచడానికి వీల్లేదు. మూల దగ్గర 297 అడుగులే. దూరం తక్కువైనందుకు ఎత్తు పెంచారు. కింద కాంక్రీటు, అదీ నిటారుగా కాకుండా మధ్యలో వంగి ఉంటుంది. దాని మీద వైరు తెర. మధ్యలో బయటికి పొడుచుకొచ్చిన స్కోర్‌బోర్డు. క్రికెట్‌లో బౌండరీకి తగిలితే బంతి పని అయిపోయినట్టే. బేస్‌బాల్‌లో గోడకి కొట్టుకున్న బంతి ఇంకా బతికే ఉంటుంది, తిరిగొచ్చి ఎటు పోతుందో కనిపెట్టి పట్టుకోవాలి. కాంక్రీటుకి తగిలితే ఒకలా వస్తుంది, తెరకి తగిలితే చచ్చి కింద పడుతుంది, రెండూ కలిసే చోట తగిలితే దేవుడికే తెలియాలి. స్కోర్‌బోర్డు కింద ఏబ్ స్టార్క్ అనే బట్టల కొట్టాయన ప్రకటన ఒకటి ఉండేది. బ్యాటర్ కొట్టిన బంతి ఆ బోర్డుకి తగిలితే ఒక సూటు ఉచితం. గ్యాలరీలో హిల్డా చెస్టర్ అనే ఆవిడ ఆవు మెడలో కట్టే గంట పట్టుకొచ్చి వాయించేది. సంగీతం రాకపోయినా బ్యాండు కట్టుకుని అంపైర్లను ఆటపట్టించే అభిమానులు ఇంకో పక్క. మొత్తానికి ముప్ఫై రెండు వేల మంది పట్టే ఇరుకు స్టేడియం. అరుపు వినబడేంత దగ్గరగా ఆటగాళ్ళు.

1947 ఏప్రిల్ 15న జాకీ రాబిన్సన్ డాజర్స్ జట్టులో దిగింది ఇక్కడే. అరవై ఏళ్ళుగా పెద్ద లీగుల్లో నల్లజాతి ఆటగాళ్ళను రానివ్వని అలిఖిత నియమం ఆ రోజుతో పోయింది. చూడ్డానికి వచ్చినవాళ్ళు 26,623 మంది. అంటే స్టేడియం నిండలేదు. వచ్చినవాళ్ళలో సగానికి పైగా నల్లవాళ్ళేనని అప్పటి అంచనా. ఈ సంగతిని కాసేపు పక్కన పెడతాను, మళ్ళీ అవసరం పడుతుంది.

రోజర్ కాన్ రాసిన ‘ద బాయ్స్ ఆఫ్ సమ్మర్’ 1972లో వచ్చింది. కాన్ ఆ స్టేడియానికి దగ్గర్లోనే పెరిగాడు. 1952, 1953 సీజన్లలో హెరాల్డ్ ట్రిబ్యూన్ పత్రిక తరఫున జట్టుతో పాటు ఊళ్ళు తిరిగాడు. పుస్తకం మొదటి సగం ఆ కథ: బేస్‌బాల్ అంటే ప్రాణం పెట్టే తండ్రి, అదంటే చిరాకుపడి జేమ్స్ జాయిస్ చదవమని పోరే తల్లి, న్యూస్‌రూమ్ కబుర్లు. ఇది బాగానే ఉంటుంది, కాస్త గంభీరం ఎక్కువైనా. డిలన్ థామస్ కవితలోంచి పేరు తీసుకున్న పుస్తకం కదా, ఆ బరువు అక్కడక్కడా వాక్యాల మీద పడుతుంది.

రెండో సగం అసలు పుస్తకం. జట్టు లాస్ ఏంజెలెస్ వెళ్ళిపోయి పదేళ్ళు దాటాక కాన్ ఆ పాత ఆటగాళ్ళను ఒక్కొక్కరినీ వెతుక్కుంటూ వెళ్ళాడు. కూలిపోయిన స్టేడియానికి వెళ్ళలేం. అందులో పరిగెత్తిన ఒళ్ళు మాత్రం ఇంకా ఉన్నాయి, వాటి దగ్గరికి వెళ్ళొచ్చు. ఇది ఎంత పెద్ద ఆలోచనో చదువుతున్నకొద్దీ తెలుస్తుంది. బిల్లీ కాక్స్ పెన్సిల్వేనియాలోని తన చిన్న ఊళ్ళో బార్‌లో మందు పోస్తుంటాడు. కార్ల్ ఎర్‌స్కిన్ ఇండియానాలో డౌన్ సిండ్రోమ్‌తో పుట్టిన కొడుకుని పెంచుకుంటూ ఉంటాడు. రాయ్ కాంపనెల్లా 1958 జనవరిలో కారు ప్రమాదంలో మెడ విరిగి చక్రాల కుర్చీకి అతుక్కుపోయాడు. జాకీ రాబిన్సన్ మత్తుమందుల నుంచి బయటపడ్డ పెద్దకొడుకుని 1971లో కారు ప్రమాదంలో పోగొట్టుకున్నాడు. పుస్తకం వచ్చిన ఏడాదిలోనే గిల్ హాడ్జెస్ పోయాడు, రాబిన్సన్ పోయాడు.

నాకు అన్నిటికంటే గుర్తుండిపోయింది కార్ల్ ఫురిల్లో. ఆ కుడివైపు గోడ ముందు ఏళ్ళ తరబడి నిలబడ్డది ఇతనే. గోడ మీద ఏ అంగుళంలో తగిలితే బంతి ఎటొస్తుందో అతనికి కంఠతా వచ్చు. అదేమీ వరం కాదు, పనిగట్టుకుని గంటల కొద్దీ సాధన చేసి నేర్చుకున్నది. 1960లో గాయంతో ఉండగానే జట్టు అతన్ని తీసేసింది. కోర్టుకెళ్ళి రావలసిన జీతం రాబట్టుకున్నాడు. తర్వాత బేస్‌బాల్‌లో ఎవరూ పని ఇవ్వలేదు, తనని వెలివేశారని అతని నమ్మకం. కాన్ వెతుక్కుంటూ వెళ్ళేసరికి ఫురిల్లో తలకి హెల్మెట్ పెట్టుకుని, అప్పుడే కడుతున్న వరల్డ్ ట్రేడ్ సెంటర్‌లో లిఫ్టులు బిగిస్తున్నాడు. 1972లో చదివినవాళ్ళకి ఇది దిగజారిన జీవితం అన్నంతవరకే తెలిసుంటుంది. మనం చదివేటప్పుడు ఆ భవనం పేరు దగ్గర ఇంకోసారి ఆగుతాం. కాన్‌కి తెలియని విషయం అతని పుస్తకంలోకి తర్వాత వచ్చి చేరింది.

ఇక్కడ ఒక మెచ్చుకోలు. కాన్ ఫురిల్లోని జాలిపడే వస్తువుగా చూడడు. అతని కోపాన్ని కోపంగానే ఉంచుతాడు. తొలిరోజుల్లో రాబిన్సన్‌తో ఆడటానికి ఇష్టపడనివాళ్ళలో ఫురిల్లో పేరు కూడా వినబడిందన్న సంగతి కూడా చదివేవాడికి తెలిసే ఉంటుంది. అంత మంచి జట్టు, అంత మంచి స్టేడియం అని మనం మురిసిపోతున్నప్పుడు ఈ ముల్లు గుచ్చుకుంటూ ఉండటం పుస్తకానికి మేలే చేసింది.

డోరిస్ కెర్న్స్ గుడ్విన్ ‘వెయిట్ టిల్ నెక్స్ట్ ఇయర్’ 1997లో వచ్చింది. లింకన్ మీద, రూజ్‌వెల్ట్ మీద పుస్తకాలు రాసిన చరిత్రకారిణి చెప్పిన చిన్నప్పటి కథ. బ్యాంకు ఎగ్జామినర్‌గా పనిచేసే తండ్రి ఆరేళ్ళ పిల్లకి ఎర్ర అట్ట స్కోరు పుస్తకం కొనిచ్చి, బంతి బంతికీ ఏం జరిగిందో గుర్తులతో రాయడం నేర్పుతాడు. ఆ పిల్ల మధ్యాహ్నమంతా రేడియో దగ్గర కూర్చుని రాసుకుని, సాయంత్రం తండ్రి ఇంటికి రాగానే మ్యాచ్ మొత్తం మొదటినుంచీ చెప్పేది. తాను చెప్పకపోతే నాన్నకి ఆట సంగతి తెలిసే దారే లేదనుకునేది. మర్నాడు పేపర్లో అంతా వస్తుందని ఆయన చెప్పలేదు. ఎలా చెప్పాలో, ఏది ముందు చెప్పాలో, గెలిచిన సంగతి చివరిదాకా ఎలా దాచాలో ఆవిడ అక్కడే నేర్చుకుంది. రేడియోలో క్రికెట్ కామెంటరీ విని పక్కింటివాళ్ళకి స్కోరు చెప్పిన తెలుగువాళ్ళెవరైనా ఈ పేజీల దగ్గర నవ్వుకోకుండా ఉండలేరు. మొదటిసారి చర్చిలో పాపాలు ఒప్పుకోవలసి వచ్చినప్పుడు, ఎదుటి జట్ల ఆటగాళ్ళకి దెబ్బలు తగలాలని కోరుకున్నానని చెప్పే ఘట్టమైతే పుస్తకం మొత్తానికీ నాకు ఇష్టమైనది.

అయితే గుడ్విన్ పెరిగింది బ్రూక్లిన్‌లో కాదు. పుట్టింది అక్కడే గానీ పెరిగింది లాంగ్ ఐలండ్‌లోని రాక్‌విల్ సెంటర్‌లో. చెట్లున్న వీధి, పక్కపక్కనే సొంత ఇళ్ళు, వీధంతా ఒకే కుటుంబంలాంటి పలకరింపులు. ఆవిడ దీన్ని దాచలేదు, నిజానికి పుస్తకంలో ఎక్కువ భాగం ఆ వీధి గురించే. ఎబెట్స్ ఫీల్డ్ ఆ పిల్లకి తండ్రి చెయ్యి పట్టుకుని అప్పుడప్పుడూ వెళ్ళే చోటు. ఇక్కడే అసలు సంగతి ఉంది. స్టేడియాన్ని ప్రాణంగా ప్రేమించిన కుటుంబాలు అప్పటికే దాని చుట్టుపక్కల నుంచి వెళ్ళిపోయాయి, వెళ్ళిపోతూ ఉన్నాయి.

లెక్కలు చూస్తే ఇది తెలిసిపోతుంది. 1947లో ఎబెట్స్ ఫీల్డ్‌కి వచ్చినవాళ్ళు 18 లక్షలు. 1955లో డాజర్స్ బ్రూక్లిన్‌కి తొలి, ఆఖరి ప్రపంచ ఛాంపియన్‌షిప్ తెచ్చిపెట్టారు. ఆ ఏడాది వచ్చినవాళ్ళు 10 లక్షల చిల్లర. గెలిచిన ఏడాది ఇది! (గెలిచిన ఆ ఆఖరి మ్యాచ్ కూడా ఎబెట్స్ ఫీల్డ్‌లో జరగలేదు, ప్రత్యర్థి యాంకీల మైదానంలో జరిగింది. ఎప్పుడూ ఓడిపోయే యాంకీల చేతుల్లోంచే లాక్కున్నారు, అది వేరే సంతోషం.) టీవీ వచ్చింది. కార్లు వచ్చాయి, స్టేడియం దగ్గర ఏడువందల కార్లకి మించి చోటు లేదు. లెవిట్‌టౌన్ లాంటి కొత్త కాలనీలు లాంగ్ ఐలండ్‌లో వెలిశాయి. అక్కడ ఇల్లు కావాలంటే తెల్లవాళ్ళై ఉండాలని ఒప్పందంలోనే రాసుకున్నారు. కాబట్టి బ్రూక్లిన్‌లో మిగిలిందెవరో వేరే చెప్పక్కర్లేదు. 1957 సెప్టెంబరు 24న ఆఖరి మ్యాచ్ చూడ్డానికి వచ్చినవాళ్ళు 6,702 మంది. ఆ తర్వాత పుస్తకాల్లో ఏడ్చినవాళ్ళ సంఖ్యతో పోలిస్తే ఇది మరీ తక్కువ. చచ్చినవాడి కళ్ళు చారెడు అని ఊరికే అనలేదు.

గుడ్విన్‌ది దొంగ ఏడుపని అనడం లేదు. జట్టు వెళ్ళిపోయిన మరుసటి ఏడాదే ఆవిడ తల్లి పోయింది. పదిహేనేళ్ళ పిల్లకి రెండు నష్టాలూ ఒకటిగా కలిసిపోతాయి. చివర్లో తన కొడుకుల్ని బోస్టన్‌లోని స్టేడియానికి తీసుకెళ్ళి, కళ్ళు మూసుకుంటే పక్కన నాన్న ఉన్నాడనిపించిందని చెప్పినప్పుడు నాకూ గొంతు పట్టేసింది. కాకపోతే ఆవిడ పోగొట్టుకున్నది ఎబెట్స్ ఫీల్డ్‌ని కాదు, అమ్మానాన్నల్ని. స్టేడియం ఆ దుఃఖానికి పెట్టిన పేరు.

పేరు పెట్టాక నేరస్థుడు కూడా కావాలి. వాల్టర్ ఓమాలీ, జట్టు యజమాని. పీట్ హామిల్, జాక్ న్యూఫీల్డ్ అనే ఇద్దరు బ్రూక్లిన్ రచయితలు ఇరవయ్యో శతాబ్దపు పరమ దుర్మార్గులు ముగ్గురి పేర్లు విడివిడిగా రాసుకుని చూసుకుంటే ఇద్దరి జాబితా ఒకటేనట: హిట్లర్, స్టాలిన్, ఓమాలీ. జోకు బాగుంది. కానీ ఓమాలీ అట్లాంటిక్, ఫ్లాట్‌బుష్ ఎవెన్యూల కూడలిలో, రైల్వే స్టేషన్ పక్కనే తన ఖర్చుతో కొత్త స్టేడియం కడతానన్నాడు. పైకప్పు గోళాకారంలో ఉండేలా బక్‌మిన్‌స్టర్ ఫుల్లర్ చేత నమూనా కూడా వేయించాడు. మురికివాడలు తొలగించే 1949 చట్టం కింద నేల సేకరించి ఇమ్మని నగరాన్ని అడిగాడు. ఆ అధికారం చేతిలో ఉన్న రాబర్ట్ మోజెస్, ప్రైవేటు స్టేడియం ప్రజా ప్రయోజనం కాదు పొమ్మన్నాడు. కావాలంటే క్వీన్స్‌లో ఫ్లషింగ్ మెడోస్ దగ్గర కట్టుకోమన్నాడు. నీల్ సలివన్ ‘ద డాజర్స్ మూవ్ వెస్ట్’లో, మైకేల్ షాపిరో ‘ద లాస్ట్ గుడ్ సీజన్’లో ఈ తగువంతా విప్పి చూపించారు. ఇద్దరూ ఓమాలీని దెయ్యం పాత్ర నుంచి కిందికి దించుతారు. షాపిరో అయితే ఆ పాత్రలో మోజెస్‌ని కూర్చోబెడతాడు. చదవడానికి రెండూ మంచి పుస్తకాలే, ముఖ్యంగా షాపిరోది. కానీ నేరస్థుడు ఎవరన్న ప్రశ్న దగ్గరే ఇవి కూడా ఆగిపోయాయి. నేల ఎవరిది అన్న ప్రశ్నకి పోలేదు.

నేల సంగతి చూస్తే కథ వేరేలా కనిపిస్తుంది. పిగ్‌టౌన్ గుడిసెలు పోయి స్టేడియం వచ్చింది. లాస్ ఏంజెలెస్‌లో ఓమాలీకి దొరికిన చావెజ్ రవీన్‌లో అంతకుముందు మెక్సికన్ అమెరికన్ల మూడు పేటలు ఉండేవి. ప్రభుత్వ ఇళ్ళు కడతామని వాళ్ళని ఖాళీ చేయించారు, ఇళ్ళ పథకం రద్దయింది, నేల బేస్‌బాల్‌కి పోయింది. వెళ్ళమని మొండికేసిన ఆఖరి కుటుంబాన్ని 1959 మే 8న పోలీసులు మోసుకొచ్చి బయట పడేశారు. టీవీ కెమెరాల ముందే. అక్కడ డాజర్ స్టేడియం తెరిచింది 1962లో. బెడ్‌ఫర్డ్ ఎవెన్యూలో అపార్ట్‌మెంట్లు తెరిచిందీ 1962లోనే. ఒకచోట ఇళ్ళ మీద స్టేడియం లేచింది, ఇంకోచోట స్టేడియం మీద ఇళ్ళు లేచాయి. ఈ రెండింట్లో దేనికి మనం ఏడవాలి? మన సాహిత్యం, అంటే ఆటల సాహిత్యం, స్టేడియానికే ఏడ్చింది.

కూల్చిన రోజు సంగతి అన్ని పుస్తకాల్లోనూ ఉంటుంది. 1960 ఫిబ్రవరి 23. సుమారు రెండువందల మంది వచ్చారు. కూల్చే ఇనుప గుండుకి తెల్ల రంగు పూసి, ఎర్ర కుట్లు దిద్ది, బేస్‌బాల్‌లా తయారుచేశారు. కాంపనెల్లా చక్రాల కుర్చీలో వచ్చాడు. తాను ఏళ్ళ తరబడి మోకాళ్ళ మీద కూర్చున్న చోటి మట్టిని ఒక కలశంలో పోసి అతనికి ఇచ్చారు. ఎవరి బుర్రలో పుట్టిందో ఆ గుండుకి రంగు పూయాలన్న ఆలోచన! నాలుగేళ్ళ తర్వాత మాన్‌హాటన్‌లో పోలో గ్రౌండ్స్ స్టేడియాన్ని కూల్చడానికి కూడా అదే గుండు వాడారు. అక్కడా ఇళ్ళే కట్టారు.

పుస్తకాలు దాదాపు ఆ రోజుతో అయిపోతాయి. ఆ తర్వాతి కాలం ఒక పేరాలో, ఆ బోర్డు మీద జోకుతో సరి. వెయ్యికి పైగా వాటాలున్న ఆ భవనాల్లో ఇప్పటికి అరవై ఏళ్ళకి పైగా జనం ఉంటున్నారు. స్టేడియం అక్కడ నిలబడ్డది నలభై ఏడేళ్ళే. అంటే ఆ నేల మీద ఆట కంటే కాపురాలే ఎక్కువ కాలం నడిచాయి. చుట్టుపక్కల పేట క్రమంగా నల్లవాళ్ళదీ, కరీబియన్ దీవుల నుంచి వచ్చినవాళ్ళదీ అయింది. పక్కన పెడతానన్న సంగతి ఇక్కడికే వస్తుంది. 1947 ఏప్రిల్‌లో ఆ స్టేడియంలో సగానికి పైగా సీట్లలో కూర్చున్నవాళ్ళు ఎటూ వెళ్ళలేదు. వాళ్ళూ వాళ్ళలాంటివాళ్ళూ ఆ పేటలోనే ఉన్నారు. రాబిన్సన్ ఆడిన మట్టి మీదే ఇళ్ళు అద్దెకి తీసుకున్నారు. జట్టు, దాని అభిమానులు, చివరికి దాని కథ చెప్పేవాళ్ళు కూడా ఊరు వదిలి వెళ్ళారు. ఎబెట్స్ ఫీల్డ్ పాలరాతి హాలుకి నకలు క్వీన్స్‌లో, 2009లో తెరిచిన సిటీ ఫీల్డ్ స్టేడియంలో కట్టి దానికి రాబిన్సన్ పేరు పెట్టారు. మోజెస్ కట్టుకోమన్న ఫ్లషింగ్ మెడోస్‌లోనే.

కాన్ మీద నా ఫిర్యాదు కూడా ఇదే. ఆటగాళ్ళ కోసం పెన్సిల్వేనియా వెళ్ళాడు, ఇండియానా వెళ్ళాడు, మిగతా దేశమంతా తిరిగాడు. తాను పెరిగిన వీధుల పక్కనే లేచిన ఆ భవనాల్లోకి వెళ్ళి ఒక తలుపు కొట్టలేదు. కొట్టి ఉంటే ‘ద బాయ్స్ ఆఫ్ సమ్మర్’కి ఇంకో అధ్యాయం ఉండేది. అప్పటికి ఆ ఇళ్ళకి పదేళ్ళు. కింద ఆవరణలో బంతి పట్టుకుని, కాపలాదారు రాకముందే ఒక ఆట ముగించాలని చూసే పిల్లలు ఉండి ఉంటారు. ఊహే ఇది, కానీ బోర్డు పెట్టారంటే ఆడేవాళ్ళు ఉన్నట్టే కదా.

1962లో ఆరేళ్ళ వయసులో ఆ భవనంలోకి వచ్చిన పిల్లకి ఇప్పుడు డెబ్బై దగ్గర పడుతూ ఉంటుంది. తన నాన్న ఏ స్కోరు పుస్తకం కొనిచ్చాడో, లిఫ్టు ఎన్నిసార్లు చెడిపోయేదో, రాయి దగ్గర ఫొటోలు దిగేవాళ్ళని కిటికీలోంచి చూసి ఏమనుకునేదో ఆవిడ రాస్తే నేను చదువుతాను. గుడ్విన్ పుస్తకం పక్కనే పెట్టుకుంటాను.